బూడిద తుడిచే చెయ్యి

నర్సింగు చదవాలని ఉంది గానీ మార్కులు లేవు మేడమ్, ఏం చేయమంటారు అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు పిల్లలు అడిగారు. ఊళ్లో ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు అడిగారో తెలియదు. మార్కులు రానివాళ్లను మార్కులు రానివాళ్లు మొహం చూసి పట్టేస్తారేమో. ముప్పై అయిదేళ్లు తెల్లచీర కట్టి, చివర్లో కొన్నేళ్లు పెద్ద సిస్టర్‌గా పెత్తనం కూడా చేసి రిటైరయ్యాను కాబట్టి, నేను మొదటి నుంచీ చురుకైన పిల్లనని అనుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల భ్రమ పోగొట్టడానికి ఇది రాస్తున్నాను.

పీయూసీ, అంటే మీ ఇంటరు లాంటిది, నేను మూడుసార్లు రాశాను. మొదటిసారి మూడు సబ్జెక్టులు పోయాయి. రెండోసారి రెండు పోయాయి. మూడోసారి ఏదీ పోలేదు గానీ, ఏదీ గట్టిగా నిలబడలేదు కూడా. మాది తెలుగిల్లు, చదివింది కన్నడ బడి, బజారుకు పోతే ఉర్దూ. పీయూసీకి వచ్చేసరికి పుస్తకాలన్నీ ఇంగ్లీషు. నెపం దాని మీద నెట్టేయవచ్చు గానీ, మా పక్క క్వార్టరు పిల్ల అవే పుస్తకాలు చదివి ఇంజనీరింగుకు పోయింది. కాబట్టి ఆ ముచ్చట వదిలేద్దాం.

మేముండేది కర్ణాటకలో, రాయచూరు పక్క శక్తినగర్‌లో. నాయన కరెంటు ప్లాంటు బొగ్గు యార్డులో హెల్పరు. అమ్మ అదే ప్లాంటులో కాంట్రాక్టరు కింద ఊడ్చే పనికి పోయేది. ఒకటో యూనిట్, రెండో యూనిట్ తిరుగుతున్నాయి, మూడోది కడుతున్నారు. ఆ రోజుల్లో గాలి మా క్వార్టర్ల వైపు తిరిగిందంటే చాలు, కిటికీ చువ్వల మీద వేలితో గీస్తే గీత పడేది. అంత సన్నటి బూడిద. అందుకే శక్తినగర్ మనిషిని ఎక్కడున్నా గుర్తుపట్టవచ్చు. గ్లాసును బోర్లించకుండా పెట్టడు. కుర్చీ కనిపిస్తే ముందు నాలుగు వేళ్లతో ఎడమ నుంచి కుడికి ఒక్క తోపు తోసి, ఆ తర్వాతే కూర్చుంటాడు. బంధువుల ఇంటికి పోయినా అదే పని. మా మేనత్త ఒకసారి, "ఏంది, మా ఇల్లు గంత గలీజుగ కనిపిస్తున్నదా?" అని మొహం మాడ్చుకుంది. గలీజు అని కాదు. చెయ్యి దానంతట అది పోతుంది, మనల్ని అడగదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, నా ఉద్యోగమంతా దీని మీదే మొదలైంది.

మూడోసారి పాసైన మార్క్స్ కార్డు పట్టుకొని నాయనతో రాయచూరు పోయాను. అక్కడ ఒక ఆసుపత్రి, దానికి అనుబంధంగా చిన్న నర్సింగు స్కూలు ఉండేవి. పేరెందుకులెండి. గుమాస్తా నా కార్డు చూశాడు, నాయన మొహం చూశాడు, మళ్లీ కార్డు చూశాడు. ఏమీ అనకుండా మమ్మల్ని లోపల పెద్ద సిస్టర్ గదిలోకి పంపాడు. అనే పని ఆమెకు వదిలేశాడన్నమాట.

పెద్ద సిస్టర్‌కు అప్పటికి నలభై దాటి ఉంటాయి. రాయచూరు పాత తెలుగు కుటుంబం మనిషి. పొట్టిగా, నిటారుగా, ఎక్కడా తొందర లేకుండా నడిచేది. ఆసుపత్రి పుట్టినప్పటి నుంచీ ఆమె పరిగెత్తడం ఎవరూ చూడలేదని చెప్పుకునేవాళ్లు.

"మూడుసార్లు రాసినవా?" అంది కార్డులోంచి తల ఎత్తకుండానే.

"అవును సిస్టర్."

"మూడుసార్లు రాసినా గివేనా?"

"రెండోసారి కంటే మూడోసారి ఎక్కువొచ్చినయ్ సిస్టర్," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది, అదేదో ఘనకార్యమైనట్లు చెప్పాను.

ఆమె అప్పుడు తల ఎత్తి చూసింది. ఆ స్కూల్లో ఒక పద్ధతి ఉండేది. సీట్లన్నీ మార్కుల ప్రకారం ఇచ్చి, చివరి సీటు ఒక్కటి మాత్రం పెద్ద సిస్టర్ చేతిలో ఉంచేవాళ్లు. దాని కోసం వచ్చిన పిల్లల్ని పదిహేను రోజులు వార్డులో పనికి పెట్టి, చూసి, ఆమె ఎవరిని రాస్తే వాళ్లకే. ఆ ఏడాది దాని కోసం ఇద్దరం. ఒకరు నేను. రెండో అమ్మాయి దరఖాస్తు ఆలస్యంగా పెట్టుకొని అక్కడ చిక్కుకుంది. లేకపోతే ఆమె ఉండాల్సింది మొదటి సీట్లో. పీయూసీ ఫస్ట్ క్లాస్. నేను మనసులో ఆమెకు ఫస్ట్ క్లాస్ అనే పేరు పెట్టుకున్నాను. ఆమె నాకేం పేరు పెట్టుకుందో అడిగే ధైర్యం చేయలేదు.

ఇంటికి రాగానే అమ్మ కొత్త చీపురు ఒకటి కట్టి తలుపు మూలన నిలబెట్టింది. "మేస్త్రికి చెప్పి పెట్టిన. సీటు వస్తె మంచిదే. రాకుంటే పదహారో దినం నా ఎంబడి రా," అంది. బెదిరింపు కాదు అది. మా అమ్మ దేనికైనా ముందే సిద్ధంగా ఉండే మనిషి. నాకు మాత్రం పొద్దున లేచి జడ వేసుకునేటప్పుడల్లా అద్దంలో నా వెనక ఆ చీపురు కనిపించేది. చివరి సీటు, లేకపోతే అది. మధ్యలో మరో దారి లేదు.

నాయన సంగతి వేరు. రాయచూరు పోయే కంపెనీ బస్సులో మొదటిరోజే, "మా బిడ్డ నర్సమ్మ అయితున్నది," అని బస్సంతా చాటాడు. పదిహేను రోజుల పరీక్ష అన్న మాట ఎవరికీ చెప్పలేదు. మూడో రోజుకల్లా బొగ్గు యార్డు మనిషి ఒకాయన నా పక్కన కూర్చొని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"నర్సమ్మా, ఈ గడ్డ జర చూడు. పండిందా, ఇంక పండాల్నా?"

మామిడికాయను చూసినట్లు అటూ ఇటూ చూసి, "ఇంక రెండు దినాలు పడతది కాకా," అన్నాను. అది ఆ మధ్యాహ్నమే డ్యూటీలో పగిలిందట. ఆ తర్వాత ఆయన బస్సులో నా పక్కన కూర్చోలేదు.

వార్డులో నా ప్రతాపం ఇంతకన్నా గొప్పగా ఏమీ లేదు. ఫస్ట్ క్లాస్ రెండో రోజుకే ముప్పై మంచాల పేషెంట్ల పేర్లు, జబ్బులు కాగితం మీద రాసుకొని బట్టీ పట్టేసింది. దుప్పటి మూలలు మడిస్తే పోస్టు కవరు లాగా ఉండేవి. నేను మడిచిన దుప్పటి పేషెంటు పక్కకు తిరిగితే అతనితోపాటే తిరిగేది. జ్వరం చూసే థర్మామీటరును శుభ్రంగా ఉండాలని వేన్నీళ్లతో కడిగాను. అది చిటుక్కుమంది. వేడికి పాదరసం ఏం చేస్తుందో పీయూసీలో మూడుసార్లు చదివాను, మూడుసార్లూ పరీక్షలో రాశాను కూడా.

ఇక చెయ్యి అలవాటు. మొదటి వారంలోనే డాక్టర్ సాబ్ రౌండ్స్‌కు వచ్చి స్టూలు మీద కూర్చోబోతుంటే, నేను చటుక్కున ముందుకు పోయి దాన్ని తుడిచాను. దాని మీద ఏం పడిందో ఏమోనని ఆయన అనుమానపడి, ఆ రోజు రౌండ్స్ అంతా నిలబడే చేశాడు. పెద్ద సిస్టర్ నన్ను పక్కకు పిలిచి, "ఇది దవాఖాన. ఇక్కడ తుడిచేటోళ్లు వేరే ఉన్నరు. నువ్వు తుడవకు," అంది. సరే సిస్టర్ అన్నాను. అంటూనే ఆమె బల్ల అంచు తుడిచానని ఫస్ట్ క్లాస్ తర్వాత చెప్పింది.

రెండో వారంలో మాకు కాస్త నమ్మకమైన పనులు అప్పగించారు. గాయాలకు కట్టు మార్చే వేళ, నీళ్లలో మరిగించిన కత్తెరలు, ఫోర్సెప్స్ పెద్ద సిస్టర్ తీసి ట్రేలో పెట్టి, పైన శుభ్రమైన గుడ్డ కప్పి ఇస్తుంది. దాన్ని మేము వరండా మీదుగా మంచం దగ్గరికి చేర్చాలి. గుడ్డ ఎత్తకూడదు, లోపల వేలు పెట్టకూడదు. పని అంతే. ఎనిమిదో రోజు చేర్చాను. తొమ్మిదో రోజు కూడా చేర్చాను.

తొమ్మిదో రోజు కట్టు ఆరో మంచానికి. ఆ మంచం మీద ఉన్నది తుర్విహాళ పక్క వలస రైతుల క్యాంపు నుంచి వచ్చిన పెద్దాయన. చాలా ఏళ్ల కిందట కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకుంటున్న కుటుంబం. పొలం గట్టు చెక్కుతుంటే పార జారి పాదం మీద పడింది. రెండు రోజులు బురదలోనే పనిచేసి, వాచిపోయాక తీసుకొచ్చారు. ఆయన భార్య మంచం పక్కనే కింద కూర్చొని ఉండేది. ట్రే తెచ్చి నేను పక్కనున్న బల్ల మీద పెట్టాను. అంతకు ముందు వరండాలో గాలికి పైగుడ్డ ఒక మూల తొలిగింది. పెద్ద సిస్టర్ చేతులు కడుక్కొని వచ్చి నిలబడింది.

నేను గర్వంగా చెప్పాను. "సిస్టర్, గుడ్డ తొలిగి దుమ్ము పడ్డట్లుండె. లోపల మంచిగ తుడిచి పెట్టిన."

"దేంతోని?"

"ఓణీ చెంగుతోని సిస్టర్. పొద్దున ఉతికిందే."

ఫస్ట్ క్లాస్ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. పెద్ద సిస్టర్ ట్రే ఎత్తుకొని వెనక్కి పోయి అన్నీ మళ్లీ నీళ్లలో వేసింది. అవి మరిగేదాకా ఆ పెద్దాయన కట్టు విప్పిన కాలు చాపుకొని, పళ్లు కొరుకుతూ పడుకున్నాడు. ఆయన భార్య, "ఏంటమ్మాయ్, ఇంకా ఎంతసేపు? ఆయన తట్టుకోలేకపోతన్నాడు," అని రెండుసార్లు అడిగింది. నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

నేను నిజాయితీగా ఒప్పుకున్నానని కొందరు తర్వాత మెచ్చుకున్నారు. పిల్లలూ, అది నిజాయితీ కాదు. మెప్పు కోసం చెప్పాను. అది తప్పని తెలిసి ఉంటే చెప్పేదాన్నో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

కట్టు పనయ్యాక పెద్ద సిస్టర్ నన్ను వార్డు మధ్యలోకి తీసుకుపోయింది. నా రెండు చేతులూ పట్టుకొని, ఛాతీకి అడ్డంగా కట్టి, వేళ్లు చంకల్లో దూర్చింది.

"గిట్ల నిలబడు. ఇంక ఆరు దినాలున్నయ్. ఏదీ ముట్టొద్దు. నీళ్లడిగినా ఇయ్యొద్దు, నన్ను పిలువు. చూస్తుండు, అంతే."

"చూసి ఏం చెయ్యాలె సిస్టర్?"

"ఏం చెయ్యొద్దు. అదే చెప్తున్న."

అలా మొదలైంది నా విగ్రహం ఉద్యోగం. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా వార్డు మధ్యలో చేతులు కట్టుకొని నిలబడటం. పేషెంట్లు మొదట నవ్వారు. తర్వాత అలవాటుపడ్డారు. ఒక ముసలమ్మ దగ్గరికి వచ్చి కన్నడంలో, ఏం తప్పు చేశావమ్మా అని జాలిగా అడిగింది. ఫస్ట్ క్లాస్ నా చుట్టూ తిరుగుతూ ఇద్దరు మనుషుల పని చేసేది. పాపం, ఒక్కసారి కూడా ఎగతాళి చేయలేదు. చేసి ఉంటే నాకు కాస్త బాగుండేది. ఇంట్లో నాయన, "ఏం నేర్చుకున్నవ్ బిడ్డా?" అని అడిగితే, "చూసుడు నేర్పిస్తుండ్రు," అని చెప్పాను. అది ఏదో పెద్ద పాఠమనుకొని, మర్నాడు బస్సులో అది కూడా చాటాడు.

చేతులకు పని లేకపోతే కళ్లు ఎంత పనిచేస్తాయో నాకు అప్పటిదాకా తెలియదు. ఎవరు భోజనం క్యారియరు మూత తీసి తినకుండా మళ్లీ పెట్టేస్తున్నారో కనిపించింది. ఎవరు నొప్పి లేదని చెప్పి, సిస్టర్ పోగానే కళ్లు మూసుకుంటున్నారో కనిపించింది. ఎవరి చుట్టం వస్తే ఎవరికి ఆయాసం పెరుగుతుందో కూడా కనిపించింది. ఏం లాభం. పదిహేనో రోజున పెద్ద సిస్టర్ ఫస్ట్ క్లాస్ పేరు రాస్తుంది, పదహారో రోజున నేను చీపురు పట్టుకుంటాను. అది రాసిపెట్టిన సంగతిలాగే ఉంది. లోపల ఏడుపు వచ్చేది గానీ, కన్నీళ్లు తుడుచుకోవడానికి కూడా చేతులు విప్పకూడదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం. భోజనాల వేళ, వార్డు నిశ్శబ్దంగా ఉంది. ఆరో మంచం పెద్దాయన వెల్లకిలా పడుకొని ఉన్నాడు. పొద్దున జ్వరం చూసినప్పుడు ఏమీ లేదు, మళ్లీ చూడాల్సింది సాయంత్రం. ఆయన కుడిచెయ్యి దుప్పటి మీద కదులుతోంది. నాలుగు వేళ్లతో ఎడమ నుంచి కుడికి ఒక తోపు. మళ్లీ ఎడమ నుంచి కుడికి. మధ్యమధ్యలో వేళ్లతో ఏదో ఏరి పక్కన పడేస్తున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పన్నెండు రోజులకు ఈ వార్డులో మా ఊరి మనిషి ఒకరు దొరికారనిపించింది.

కాసేపు అలా చూస్తూ మురిసిపోయాను. తర్వాత అనుమానం వచ్చింది. ఈయనది తుర్విహాళ కదా. అక్కడుండేది వరి చేలు, కాలవ నీళ్లు. బూడిద ఎక్కడిది? ఈ చెయ్యి ఈయనకు ఎలా అలవాటైంది?

నీళ్లడిగినా నన్ను పిలువు అంది కదా అని, మందుల గది గుమ్మం దగ్గరికి పోయి నిలబడ్డాను. చేతులు కట్టుకొనే.

"సిస్టర్, ఆరో మంచం పెద్దాయన ముందు శక్తినగర్ల ఏమన్న పనిచేసిండా?"

పెద్ద సిస్టర్ మందుల చిట్టీ రాసుకుంటోంది. "ఏంది నీ లొల్లి?"

"ఏం లేదు సిస్టర్. దుప్పటి తుడుస్తుండు. మా లెక్కనే. బూడిద తుడిచినట్ల."

ఆమె చేతిలో కలం ఆగింది. లేచింది. ఆ తర్వాత ఆసుపత్రి పుట్టినప్పటి నుంచీ ఎవరూ చూడనిది నేను చూశాను. పెద్ద సిస్టర్ పరిగెత్తింది.

నేను వెనకాలే పోయేసరికి ఆమె పెద్దాయన నుదుటి మీద చెయ్యి పెట్టి, రెండో చేత్తో నాడి పట్టుకుంది. "తాతా, ఈమె ఎవరు?" అని ఆయన భార్యను చూపించి అడిగింది. ఆయన ఆమె వైపు చూశాడు. యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషిని బస్టాండులో కనిపించిన మనిషిని చూసినట్లు చూశాడు. చెయ్యి దుప్పటి మీద ఆగకుండా కదులుతూనే ఉంది.

"నిద్దట్లో ఏదో గీకుతున్నాడనుకున్నానమ్మా," అంది ఆయన భార్య.

పెద్ద సిస్టర్ కట్టు విప్పుతూ నా వైపు చూడకుండానే, "కాలు పట్టు," అంది. నేను నిలబడే ఉన్నాను.

"నిన్నే. చేతులు ఇప్పి కాలు పట్టు."

అప్పుడు విప్పాను. మూడు రోజుల తర్వాత నా చేతులు పట్టుకున్న మొదటి వస్తువు ఆ కాలు. కట్టు కింద పాదం సీసం రంగులోకి తిరిగింది. వాసన వచ్చింది. మడమ నా అరచేతిలో నిప్పులాగా కాలింది. ఫస్ట్ క్లాస్‌ను డాక్టర్ సాబ్ కోసం పరిగెత్తించారు. గంటలోపే థియేటర్‌లో పాదం కోసి, లోపల పట్టిన చీమునంతా తీశారు. సాయంత్రం జ్వరం చూసే దాకా ఆగి ఉంటే కాలు పోయేది, ఏమో మనిషే పోయేవాడేమో అని డాక్టర్ సాబ్ బయటికి వచ్చి చెప్పాడు. విషం నెత్తురులోకి ఎక్కినప్పుడు మనిషి ఒంటి మీద తెలివి తప్పి, వేళ్లతో అలా దుప్పటి పట్టుకు పీకుతాడట. పెద్ద సిస్టర్ అది పుస్తకంలో చదివింది, ఎన్నోసార్లు చూసింది. నేను మాత్రం ఆయనది మా కార్ఖానా అనుకున్నాను.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకు మాత్రం అన్నం సహించలేదు. ఎందుకంటే ఎనిమిదో రోజు ఆయన కట్టుకు కూడా ట్రే తెచ్చింది నేనే. తొమ్మిదో రోజు తుడిచానని చెప్పాను కాబట్టి అవి మళ్లీ మరిగించారు. మరి ఎనిమిదో రోజు? ఆ రోజు తుడిచానా? ఎంత గుర్తు తెచ్చుకున్నా గుర్తు రాలేదు. నా చెయ్యి చేసే పని నాకు చెప్పి చేయదు కదా.

పదమూడో రోజు పొద్దున, కత్తెరలు మరిగే గదిలో పెద్ద సిస్టర్ ఒంటరిగా ఉన్నప్పుడు పోయాను.

"సిస్టర్, ఎనిమిదో దినం ట్రే కూడా నేనే తెచ్చిన. అప్పుడు కూడా తుడిచిన్నేమో. నాకు యాది లేదు."

ఈసారి మెప్పు కోసం చెప్పలేదు. ఆమె స్టవ్వు మంట తగ్గించింది.

"డాక్టర్ సాబ్ పొలం బురద వల్లనే అంటుండు. అదే అయి ఉంటది."

"నా వల్ల కాదు కదా సిస్టర్?"

"నాకు తెల్వదు. నీకు కూడా ఎప్పటికీ తెల్వదు," అంది. "కాదని చెప్తే నీ పానం నిమ్మలం అయితది. కాని నేను చెప్పను. ఈ తెల్వనిది ఉన్నది చూడు, దీన్ని మోస్తనే ఈ పని చెయ్యాలె. మోస్తవా?"

"మోస్త సిస్టర్." ఏడుస్తూ అన్నాను.

"అయితే పోయి నిలబడు. చేతులు కట్టుకో."

ఇంత జరిగాక అందుకే సీటు నాకు వచ్చిందని చెబితే కథ బాగుంటుంది. జరిగింది అది కాదు. ఫస్ట్ క్లాస్‌కు పద్నాలుగో రోజున టీచర్ ట్రైనింగులో సీటు వచ్చినట్లు కాగితం వచ్చింది. వాళ్ల నాన్న వచ్చి తీసుకుపోయాడు. ఆమె పోతూ పోతూ ముప్పై మంచాల పేర్లు రాసుకున్న కాగితం నాకు ఇవ్వబోయింది. నా చేతులు కట్టి ఉన్నాయి కాబట్టి మోచేతి సందులో దూర్చి, నవ్వి, వెళ్లిపోయింది. అలా పోటీలో నేనొక్కదాన్నే మిగిలాను. పరుగుపందెంలో అవతలివాళ్లు ఇంటికి పోతే గెలిచిన గెలుపు నాది. అయినా పెద్ద సిస్టర్ తలుచుకుంటే సీటు ఖాళీగా ఉంచేయవచ్చు. రెండేళ్ల కిందట అలా ఉంచిందని గుమాస్తా నాతో ప్రత్యేకంగా చెప్పాడు.

పదిహేనో రోజు నాయన షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. మొహం కడుక్కున్నాడు గానీ చెవుల వెనక బొగ్గు అలాగే ఉంది. పెద్ద సిస్టర్ గదిలో కుర్చీ చూపిస్తే, నాలుగు వేళ్లతో ఒక్క తోపు తోసి కూర్చున్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె ఆయన చేతిని చూసింది, నన్ను చూసింది.

"మూడేండ్ల చదువు. అంత ఇంగ్లీషులనే ఉంటది. మీ బిడ్డ ఫెయిలైతే ఏం చేస్తరు?"

నాయన కాస్త ఆలోచించాడు. "ఏముంది సిస్టరమ్మా. మూడుసార్లు రాస్తది. దానికి అలవాటే," అన్నాడు.

ఆమె నవ్వడం కూడా నేను అప్పుడే మొదటిసారి చూశాను. పుస్తకం తెరిచి ఏదో రాసి, నా వైపు తిప్పకుండా మూసేసింది. "సోమవారం నుంచి రమ్మను," అంది.

అదే వారంలో ఆరో మంచం పెద్దాయనకు తెలివి కుదిరింది. నన్ను, పెద్ద సిస్టర్‌ను, డాక్టర్ సాబ్‌ను వదిలేసి భార్యను పట్టుకొని, "చేనుకు మన వంతు నీళ్లు పెట్టారంటా?" అని అడిగాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఇంటి దగ్గర అమ్మ కొత్త చీపురు దాచలేదు, పారేయలేదు. నా పెట్టెతోపాటు దాన్ని కూడా హాస్టలుకు పంపింది, గది ఊడ్చుకొమ్మని.

మొదటి సంవత్సరం పరీక్ష నేను రెండుసార్లే రాశాను. నాయన అంచనా కంటే అది నయం. తర్వాతి ఏళ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, పనిచేశాను. వార్డులోకి పోగానే ముందు కాసేపు చేతులు కట్టుకొని నిలబడటం అలవాటైంది. కొత్తగా వచ్చిన పిల్లలు దాన్ని పొగరు అనుకునేవాళ్లు. అనుకోనిచ్చాను. చాలా ఏళ్లకు నేనే ఆ గదిలో పెద్ద సిస్టర్‌గా కూర్చున్నప్పుడు, పాత బీరువాలో ఆ పుస్తకం దొరికింది. నా పేరు ఎదురుగా ఆమె చేతిరాతలో ఉంది: మార్కులు తక్కువ. చేతి దూకుడు ఎక్కువ. కళ్లు పనిచేస్తున్నాయి. చేర్చుకోవచ్చు.

చేర్చుకోవచ్చు. చేర్చుకోవాలి అని లేదు. నేను ఎంత గొప్పదాన్నో నాకు ఎవరైనా చెప్పబోతే ఆ మాట తలుచుకుంటాను.

పోయిన ఏడాది, రిటైరయ్యాక, ఆమెను చూడటానికి రాయచూరు పక్కనే ఉన్న యరమరస్ పోయాను. ఎనభైకి దగ్గర పడింది. తమ్ముడి కూతురి ఇంట్లో ఉంటోంది. ఆ పిల్ల భర్త అక్కడి కొత్త కరెంటు ప్లాంటులో పనిచేస్తాడు. వంటింట్లోంచే ఆ పిల్ల, "లోపల పండుకున్నది, పొండి," అంది. గుమ్మం దగ్గర ఆగిపోయాను. పెద్ద సిస్టర్ కిటికీ పక్క మంచం మీద వెల్లకిలా, కళ్లు మూసుకొని పడుకొని ఉంది. కుడిచెయ్యి దుప్పటి మీద కదులుతోంది. నాలుగు వేళ్లతో ఎడమ నుంచి కుడికి ఒక తోపు. మళ్లీ ఎడమ నుంచి కుడికి.

ముప్పై అయిదేళ్లలో ఆ చేతిని ఎన్ని మంచాల మీద చూశానో నాకే తెలుసు. ఎప్పుడు చూసినా పరిగెత్తాను, చాలాసార్లు నిజమే అయింది. ఇప్పుడూ పరిగెత్తాను. నుదుటి మీద చెయ్యి వేశాను, మణికట్టు పట్టుకున్నాను. నాడి ఎంత కొట్టుకుంటుందో లెక్కపెట్టలేకపోయాను, నాదే దాని కంటే గట్టిగా కొట్టుకుంటోంది.

"సిస్టర్, సిస్టర్. ఈ దినం ఏ వారం? నేను ఎవరు? చెప్పండి."

ఆమె కళ్లు తెరిచింది. నన్ను కింది నుంచి పైదాకా తాపీగా చూసింది.

"మంగళవారం," అంది. "నువ్వు పీయూసీ మూడుసార్లు రాసిన పిల్లవు. కిటికీ మూయమంటే మా పిల్ల మూయదు, దుప్పటి మీదంత బూడిదే. నాడి ఇడిచిపెట్టి, ఆ కుర్చీ తుడుచుకొని కూసో."

కుర్చీ వైపు చూశాను. నా ఒక చెయ్యి ఇంకా నాడి మీదే ఉంది, రెండో చెయ్యి దాన్ని ఎప్పుడో తుడిచేసింది.